సర్కారు పేరుతో దొంగ ఫోన్ వస్తే ఏం చేయాలి? ఒడిశా సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్ల కోసం

పర్లాకిమిడిలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే చిన్న షాపు నాది. రోజూ ఎవరో ఒకరు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, "బాబూ, ఇది నిజమేనా కాస్త చూడు" అంటారు. ఒకరికి సీబీఐ ఫోన్, ఒకరికి కిసాన్ డబ్బుల మెసేజ్, ఇంకొకరికి ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు డబ్బిచ్చే సుభద్ర పథకం పేరుతో ఓటీపీ అడిగిన ఫోన్. అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే చదివి వినిపించండి.

మన వైపు వాళ్లకు ఒక ఇబ్బంది అదనంగా ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఫోన్‌లో హిందీ. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ చూసినా ఒడియా బాగా మాట్లాడుతూ చదవలేని తెలుగువాళ్లు ఉన్నారు. అర్థంకాని కాగితం మీద మూడు సింహాల ముద్ర కనబడితే గుండె జారిపోతుంది. దొంగ కూడా ఆ భయాన్నే నమ్ముకుంటాడు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఫోన్ వచ్చాక వెతుక్కోవడం కాదు, ఇవాళే చేయండి. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఇవి రాసి, ఫోన్ చార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి.

- 1930. సైబర్ మోసాల హెల్ప్‌లైన్. దేశమంతటికీ ఇదే నంబరు.
- 112. పోలీసు.
- 1947. ఆధార్. ఇక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు.
- మీ బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు. ఏటీఎం కార్డు వెనకాల గానీ పాస్‌బుక్ మీద గానీ ఉంటుంది. గూగుల్‌లో వెతికి రాయకండి, అక్కడ దొంగ నంబర్లు కూడా వస్తాయి.
- మీ ఊరి పోలీస్ స్టేషన్ నంబరు. ఒకసారి వెళ్లి అడిగి తెచ్చుకోండి.
- ఇంట్లోనో వీధిలోనో ధైర్యంగా మాట్లాడగల ఒక మనిషి నంబరు. అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

1. ఫోన్ ఎత్తిన మొదటి నిమిషంలో గమనించండి

తొందర, భయం, గుట్టు. ఈ మూడింట్లో రెండు కనబడితే అది దొంగ ఫోన్ అనుకోండి. "రెండు గంటల్లో సిమ్ ఆగిపోతుంది" అంటే తొందర. "మీ ఆధార్ మీద మనీ లాండరింగ్ కేసు ఉంది" అంటే భయం. "ఎవరికీ చెప్పకు, లైన్ కట్ చేయకు" అంటే గుట్టు. చివరిదే అసలైన గుర్తు. నిజమైన అధికారి ఎవరూ మీ భార్యకో కొడుకుకో చెప్పవద్దని మిమ్మల్ని కట్టడి చేయడు.

నంబరు కూడా చూడండి. ముందు + గుర్తు ఉండి, దాని తర్వాత 91 కాకుండా వేరే అంకెలు ఉంటే విదేశీ నంబరు, పెట్టేయండి. +91 ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. వేరే నంబరు కనబడేలా ఫోన్ చేసే ఉపాయాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. ట్రూకాలర్‌లో "పోలీస్ హెడ్‌క్వార్టర్స్" అని కనబడినా నమ్మవద్దు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. వాట్సాప్ ఫొటోలో పోలీసు టోపీ ఉండడమూ అంతే.

భాష సంగతి. బరంపురం స్టేషన్ నుంచి మాట్లాడుతున్నానని చెప్పి ఒడియా ఒక్క ముక్క రానివాడు అక్కడివాడు కాడని తేలిగ్గా పోల్చవచ్చు. కానీ దీన్ని తిప్పి చదవకండి. ఒడియాలోనో తెలుగులోనో మాట్లాడాడు కాబట్టి నిజమే అనుకోవద్దు. ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ కూర్చోబెట్టి ఇలాంటి ఫోన్లు చేయిస్తున్న ముఠా సంగతి 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. "ఏం మాస్టారూ, బాగున్నారా" అని మన యాసలో పలకరించేవాడు కూడా అలాంటి గదిలోంచే మాట్లాడుతూ ఉండవచ్చు.

2. ఏ పేరు చెప్పి ఏం అడుగుతారో తెలుసుకోండి

ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ): "మీ పేరు మీద ఇంకో సిమ్‌తో తప్పుడు పనులు జరిగాయి, మీ నంబరు ఆపేస్తున్నాం, 9 నొక్కండి" అని రికార్డు గొంతు వస్తుంది. సిమ్ ఆపేస్తామని ట్రాయ్ ఎవరికీ ఫోన్ చేయదు. 9 నొక్కితే పోలీసు వేషంలో ఉన్నవాడికి కలుపుతారు. ఏమీ నొక్కకుండా పెట్టేయండి.

సీబీఐ, ఈడీ, కస్టమ్స్, పోలీసు: మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, లేదా మీ ఖాతాలో దొంగ డబ్బు తిరిగిందంటారు. తర్వాత వీడియో కాల్ చేసి, "డిజిటల్ అరెస్ట్" చేశాం, కెమెరా ముందు నుంచి కదలవద్దంటారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఈ మాటే చెప్పారు. అరెస్టంటే మనిషి ఎదురుగా వచ్చి చేసేది, వీడియోలో జరిగేది కాదు.

రిజర్వు బ్యాంకు: "మీ డబ్బు మంచిదో కాదో పరీక్షించాలి, ఈ ఖాతాకు పంపండి, గంటలో తిరిగి వస్తుంది." రిజర్వు బ్యాంకు మామూలు మనుషులకు ఖాతాలు నడపదు, పరీక్షకని డబ్బు తీసుకోదు.

కిసాన్, సుభద్ర, పింఛను, రేషన్: ఇక్కడ భయం తక్కువ, ఆశ ఎక్కువ. మనవాళ్లు ఎక్కువగా పడేది ఇందులోనే. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. సుభద్రలో ఆడవాళ్లకు ఏడాదికి 10,000, రెండు విడతలు. ఈ లెక్కలు దొంగకు కంఠతా వచ్చు. "మీ విడత ఆగిపోయింది, ఓటీపీ చెబితే ఇప్పుడే పడుతుంది" అంటాడు. డబ్బు ఆగడానికి నిజంగా కారణం ఉంటే అది ఈ-కేవైసీలోనో, ఆధార్‌కు బ్యాంకు ఖాతా లింకు కాకపోవడంలోనో ఉంటుంది. ఆ పని మీరు బ్యాంకులోనో జనసేవా కేంద్రంలోనో చేయించుకోవాలి. ఫోన్ చేసినవాడికి ఓటీపీ చెబితే జరిగేది కాదు. నవంబరు దగ్గర పడితే పింఛనుదారులకు "లైఫ్ సర్టిఫికెట్ మేం చేసేస్తాం" అనే ఫోన్లు వస్తాయి. వాడి దగ్గర మీరు రిటైరైన తేదీ, పీపీఓ నంబరు (పింఛను మంజూరు కాగితం మీది నంబరు) కూడా ఉండవచ్చు. అవి తెలిసినంత మాత్రాన ట్రెజరీవాడు అయిపోడు.

కొడుకు పట్టుబడ్డాడనే ఫోన్: పిల్లలు సూరత్, హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేసే ఇళ్లకు ఇది వస్తుంది. "మీవాడు కేసులో దొరికాడు, 50 వేలు పంపితే వదిలేస్తాం" అంటాడు, వెనకాల ఏడుపు వినిపిస్తాడు. గొంతును అనుకరించే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి కాబట్టి ఏడుపును నమ్మవద్దు. ఫోన్ పెట్టి కొడుకు నంబరుకు చేయండి. ఎత్తకపోతే అతని గదిలో ఉండేవాళ్లకు చేయండి. వాళ్ల నంబర్లు ముందే తీసుకుని రాసి ఉంచుకోండి.

కరెంటు: "రాత్రి తొమ్మిదిన్నరకు లైన్ కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మెసేజ్. చివరి బిల్లు కాగితం తీసి చూసుకోండి, అనుమానం ఉంటే పొద్దున్నే కరెంటు ఆఫీసుకు వెళ్లండి.

3. ఫోన్ పెట్టేయండి

రాయడానికి ఒక్క ముక్క, చేయడానికి చాలా కష్టం. మన పెంపకమే అలాంటిది, అధికారి మాట్లాడుతుంటే మధ్యలో పెట్టేయడం తప్పనిపిస్తుంది. అందుకని ఒక వాక్యం నేర్చుకోండి: "మీ పేరు, స్టేషన్ పేరు చెప్పండి, నేనే వచ్చి మాట్లాడతాను." అని పెట్టేయండి. జవాబు కోసం ఆగవద్దు, వాదించవద్దు, తిట్టవద్దు. మళ్లీ మళ్లీ చేస్తాడు, ఎత్తకండి. ఫోన్ స్విచాఫ్ చేసినా ఫరవాలేదు.

"పెట్టేస్తే నిజంగానే కేసు పెడితే?" అని అందరూ అడుగుతారు. ఫోన్ పెట్టేయడం నేరం కాదు. నిజంగా కేసు ఉంటే పోలీసులు మనిషి ద్వారా నోటీసు ఇస్తారు, ఇంటికి వస్తారు. విచారణకు రమ్మనే నోటీసు పోలీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కిందటి చలికాలంలో మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారికి పొద్దున పది గంటలకు ఇలాంటి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వాళ్లావిడ చెప్పుల్లేకుండా నా షాపుకు వచ్చారు. "మీ మాస్టారు తలుపేసుకుని ఎవరితోనో మాట్లాడుతున్నారు బాబూ, అన్నం కూడా తినలేదు" అన్నారు. వెళ్లి చూస్తే ఫోన్‌ను పంచాంగానికి ఆనించి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తెరలో ఖాకీ చొక్కా మనిషి, వెనకాల జెండా. మాస్టారి ఒళ్లో తెల్లకాగితం. దాని మీద తన ఖాతాలు, ఎఫ్‌డీలు, బ్యాలెన్సులు ఆయనే ముత్యాల్లాంటి అక్షరాలతో వరసగా రాసి ఇచ్చారు. నేను ఫోన్ తీసి ఆపేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "వద్దురా, అరెస్ట్ చేసేస్తారు" అన్నారు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. ఇందులో పడేవాళ్లు తెలివితక్కువవాళ్లని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంట్లోవాళ్లు గమనించవలసింది ఇదే. పెద్దవాళ్లు తలుపేసుకుని గంటల తరబడి వీడియో ముందు కూర్చున్నా, ఉన్నట్టుండి ఎఫ్‌డీ తెంపుతానన్నా తలుపు తట్టండి. బ్యాంకులో అడిగితే "ఇంటి స్థలం కొంటున్నాను" అని చెప్పమని దొంగ ముందే నేర్పిస్తాడు. బ్యాంకువాళ్లు ఆరా తీస్తే విసుక్కోకండి.

4. మీరే ఆ ఆఫీసుకు వెళ్లి అడగండి

వాడు ఇచ్చిన నంబరుకు తిరిగి చేసి "నిజమేనా" అని అడగడం కనుక్కోవడం కాదు. అవతల ఎత్తేది కూడా వాడి మనిషే. గోడమీది అట్ట చూసి మీరే చేయాలి, లేదా మీ కాళ్లతో నడిచి వెళ్లాలి. పోలీసు సంగతైతే మీ స్టేషన్. సుభద్ర అయితే అంగన్‌వాడీ దీదీ లేదా బ్లాక్ ఆఫీసు. కిసాన్ అయితే 155261 లేదా జనసేవా కేంద్రం. రేషన్ అయితే డీలరు. ఆధార్ అయితే 1947. బ్యాంకు అయితే మీ బ్రాంచి. ఆదివారమైతే సోమవారం దాకా ఆగండి. ఒక రోజు ఆగినందుకు పోయే సర్కారు డబ్బు ఏదీ లేదు.

ఒడియాలో వచ్చిన కాగితం చదవలేకపోతే పక్కింటి బడి పిల్లాడి చేత చదివించండి. మన పిల్లలు ఒడియా చదువుతున్నారు, అది మన బలం.

5. వాళ్లు పంపిన కాగితం చూడడం

మాస్టారికి వచ్చిన కాగితం నా ఫోన్‌లో దాచుకున్నాను, షాపుకొచ్చినవాళ్లకు చూపిస్తుంటాను. పైన సీబీఐ, రిజర్వు బ్యాంకు, సుప్రీంకోర్టు మూడు ముద్రలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. కింద ఎర్ర స్టాంపు. మాస్టారి ఫొటో ఆయన వాట్సాప్ నుంచే తీసి అతికించారు. ఆధార్ నంబరు మాత్రం సరిగ్గానే ఉంది. ఆయన్ను పడగొట్టింది ఆ నంబరే. మన ఆధార్ జిరాక్సులు లాడ్జిల్లో, సిమ్ షాపుల్లో, ఎక్కడెక్కడ ఇచ్చామో మనకే గుర్తుండదు. ఆ నంబరు వాడి దగ్గర ఉండడం వింత కాదు, అది కేసుకు రుజువూ కాదు.

ఒకే కాగితం మీద రెండు మూడు శాఖల ముద్రలు ఉన్నా, "అరెస్ట్ వారెంట్" పక్కనే కట్టవలసిన డబ్బు రాసి ఉన్నా, మాట బయటపెడితే శిక్ష అని ఉన్నా, అది దొంగ కాగితం. చించకండి, డిలీట్ చేయకండి. ఫిర్యాదుకు కావాలి.

6. లింకులు, ఏపీకే ఫైళ్లు

"పీఎం కిసాన్", "ఆర్టీఓ చలాన్" అని పేరు పెట్టి చివర ఏపీకే (ఫోన్‌లో యాప్ వేసే ఫైలు) అని ఉన్నది వాట్సాప్‌లో వస్తే తెరవవద్దు. తెరిచి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చేస్తే మీ మెసేజ్‌లు వాడు చదవగలడు, ఓటీపీ మీరు చెప్పకుండానే అందుతుంది. తెలిసిన మనిషి నంబరు నుంచి వచ్చినా అంతే. వాళ్ల ఫోన్ అప్పటికే వాడి చేతిలో ఉండి ఉంటుంది.

ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా వద్దనండి.

మెసేజ్ పంపినవారి పేరు చివర గీత, ఆ తర్వాత ఇంగ్లిషు అక్షరం ‘జి’ ఉంటే అది ప్రభుత్వ మెసేజ్ అని గుర్తు. 2025 మే నుంచి ఈ పద్ధతి వచ్చింది. పది అంకెల మామూలు నంబరు నుంచి "ప్రభుత్వం" మెసేజ్ వస్తే నమ్మవద్దు. చలాన్ నిజమో కాదో చూడాలంటే లింకు నొక్కకుండా, రవాణా శాఖ వారి పరివాహన్ సైటు పేరు మీరే టైపు చేసి బండి నంబరు కొట్టి చూడండి.

7. డబ్బు పోయిందా? వెంటనే ఇలా చేయండి

ఏడవడం, ఇంట్లో ఎలా చెప్పాలని ఆలోచించడం తర్వాత. దొంగ ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో తిప్పేస్తాడు. అది బయటికి వెళ్లేలోపు ఆపించాలి.

మొదట 1930కి చేయండి. బిజీ వస్తే మళ్లీ మళ్లీ చేయండి, పక్కవాళ్ల ఫోన్ నుంచి కూడా చేయించండి. ఈలోగా ఇంకొకరు బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించాలి. 1930లో అడిగేవి: ఏ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత, ఏ సమయంలో, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు). యూపీఐ అయితే అది 12 అంకెలు ఉంటుంది, ఫోన్‌పే లేదా గూగుల్‌పేలో ఆ చెల్లింపు మీద నొక్కితే కనబడుతుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో ఫిర్యాదు పూర్తిచేసి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

మాస్టారు అప్పటికి రెండు విడతల్లో 85 వేలు పంపారు. రెండోది మేం ఫోన్ చేయడానికి ఇరవై నిమిషాల ముందు వెళ్లింది, అది అవతలి ఖాతాలో ఆగింది. పదకొండు గంటలకు వెళ్లిన మొదటి విడత దొరకలేదు.

మన సరిహద్దు చిక్కు ఒకటి ఉంది. ఇల్లు పర్లాకిమిడిలో, ఖాతా పాతపట్నంలో, సిమ్ ఆంధ్రాది. "మాది కాదు, అక్కడికి వెళ్లండి" అని తిప్పితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ చెబుతోంది. బరంపురంలో సైబర్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది. వెళ్లేటప్పుడు స్టేట్‌మెంటు, స్క్రీన్‌షాట్లు, వాడి నంబర్లు, ఆ దొంగ కాగితం ప్రింటు తీసుకెళ్లండి.

బ్యాంకుకు రాతపూర్వకంగా కూడా ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు ఉంచుకోండి. ఓటీపీ మీరే చెప్పినా సరే, మీరు బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017లో నియమం పెట్టింది. ఏ గంటకు చెప్పారో రుజువు ఉండాలి.

డబ్బు పోకపోయినా ఆ నంబరును టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైటులో ‘చక్షు’ అనే చోట తెలపండి.

8. అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

వాడితో కాసేపు మాట్లాడినా, వాడు చెప్పినదేదైనా నొక్కినా ఇవన్నీ చూడండి.

- ##002# డయల్ చేయండి. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటే రద్దవుతాయి. తర్వాత *#21# కొట్టి చూస్తే ఫార్వర్డింగ్ లేదని రావాలి.
- వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి. మీకు తెలియని కంప్యూటరు ఉంటే లాగవుట్ చేయండి.
- యాప్‌ల జాబితాలో మీరు వేసుకోనిది ఏదైనా ఉంటే ముందు నెట్ ఆపి, తర్వాత దాన్ని తీసేయండి. పోకపోతే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.
- సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మీవి కానివాటిని అక్కడే ‘నాది కాదు’ అని తెలపవచ్చు.
- ఆధార్ సైటులో ఆథెంటికేషన్ హిస్టరీ చూడండి. బయోమెట్రిక్ లాక్ కూడా వేసుకోవచ్చు. లాక్ ఉండగా రేషన్ షాపులో వేలిముద్ర పడదు, వెళ్లేముందు తీయాలి. ఈ సంగతి చెప్పకుండా ఒకావిడకు లాక్ వేసిపెట్టాను, ఆవిడ పాపం క్యూలో నిలబడి ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. అందుకే ఇప్పుడు అందరికీ ముందే చెబుతున్నాను.
- వారం రోజులు రోజూ మినీ స్టేట్‌మెంట్ చూడండి. ఒక రూపాయి తేడా ఉన్నా బ్యాంకుకు చెప్పండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"వాడితో కాసేపు ఆడుకుంటాను" అని లైన్‌లో ఉండిపోవడం కుర్రాళ్లు చేసే తప్పు. మీ ముఖం, గొంతు, ఇంటి గది వాడికి అనవసరంగా ఇస్తున్నారు.

సిగ్గుపడి దాచడం పెద్దవాళ్లు చేసే తప్పు. నిన్న పోయిన డబ్బు గురించి ఇవాళ చెప్పినా మేలే, కానీ వారం తర్వాత చెబితే ఆపడానికి ఏమీ మిగలదు.

పోయిన డబ్బు తెప్పిస్తామనే ఫోన్‌ను నమ్మడం మూడోది. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారతాయి. పది రోజులకు "సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు దొరికింది, 3,000 ఫీజు కట్టండి" అని వస్తుంది. మాస్టారికీ వచ్చింది. ఈసారి ఆయన "స్టేషన్‌కు వస్తాను" అని పెట్టేసి, నేరుగా నా షాపుకు వచ్చి చెప్పారు.

ఇంకొకటి, కుర్రాళ్లు వినాలి. "నీ ఖాతా వాడుకోనివ్వు, నెలకు ఇంత ఇస్తాం" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. దొంగ డబ్బు తిరిగేది అలాంటి ఖాతాల్లోనే. అప్పుడు పోలీసులు నిజంగానే ఇంటికి వస్తారు.

ఒకసారి సాధన చేయండి

ఈ ఆదివారం మధ్యాహ్నం పక్కగదిలోంచి మీ అమ్మకో మావయ్యకో వేరే నంబరుతో ఫోన్ చేయండి. "కస్టమ్స్ ఆఫీసు నుంచి" అని హిందీలో మొదలుపెట్టండి. ఆ వాక్యం చెప్పి పెట్టేసేదాకా చూడండి. మొదటిసారి తడబడతారు, ఇది సాధన అని చెప్పేసి నవ్వించి మళ్లీ చేయండి. మా అమ్మకు మూడోసారికి వచ్చింది.